కుడి చేతి ఆది

నవంబరు 2

అక్కకి నమస్కారం.

అక్షరాలు చూసి కంగారుపడకు. ఇవి మీ మరదలివి. నా కళ్లజోడు కింద పడి పగిలింది. కొత్తది వచ్చేదాకా నేను చెబుతాను, ఆవిడ రాస్తుంది. (ఆయన చెప్పినట్టే రాస్తున్నాను వదినా, ఇందులో నా కల్పన ఏమీ లేదు.)

అసలు సంగతికి వస్తాను. ఈ డిసెంబరులో నువ్వు నాతో పడవలో రావాలి. నదిలో నీళ్లు ఎంత లోతున్నాయో చూసి పుస్తకంలో ఎక్కించే ఉద్యోగం ముప్ఫై ఒక్క ఏళ్లు చేశాను కదా. ఏటా చలికాలంలో ఒకసారి ఎగువన, లోతు గీతలు చెక్కిన పై కొలతరాయి దగ్గర పడవెక్కేవాణ్ణి. ఆ రాత్రి ఇసుకదిబ్బ మీద పడుకుని, మర్నాడు మధ్యాహ్నానికి నా కొలతరాయి దగ్గర దిగేవాణ్ణి. అది ఎవరూ చెప్పిన పని కాదు, నా సరదా. ఒక్క ఏడు కూడా తప్పలేదు. రిటైరయ్యాక ఇదే మొదటి చలికాలం, ఈసారి తప్పితే ఇక ఎప్పటికీ తప్పినట్టే. మీ మరదలేమో ఒంటరిగా పంపనంటోంది. తోడు లేకపోతే పడవ షెడ్డు తాళం దిండు కింద పెట్టుకుని పడుకుంటుందట.

నువ్వు తెడ్డు ముట్టుకోనక్కర్లేదు. నీళ్లే తీసుకెళ్తాయి. సర్దుకోవడం మాత్రం జాగ్రత్తగా జరగాలి. ఒంటికి ఆనే బట్ట ఏదీ నూలు వద్దు, తడిస్తే ఆరదు. ఉన్నివి రెండు జతలు కావాలి. ఒకటి వేసుకోవడానికి, ఒకటి నీళ్లు దూరని సంచిలో పెట్టి కట్టేయడానికి. ఆ సంచి రాత్రిదాకా విప్పకూడదు, ఆకాశం ఊడిపడినా సరే. మూత తిప్పే డబ్బాలు వద్దు, నొక్కితే తెరుచుకునేవే తీసుకో. బూట్లకి లేసులు వద్దు. ఎక్కడా ముడులు ఉండకూడదు, కొక్కేలే ఉండాలి. చలికి వేళ్లు మాట వినవు. జిప్పులన్నిటికీ పెద్ద పెద్ద రింగులు కుట్టు, నావి కూడా పార్సెల్లో పంపుతున్నాను. వేసుకున్న కోటుతో కలిపి నీ బరువు, అంటే నీ సామాను బరువు, పది కిలోలు దాటకూడదు.

బావకి నమస్కారాలు.

తమ్ముడు


నవంబరు 7

తమ్ముడికి అక్క దీవెనలు.

నీ ఉత్తరం వచ్చేసరికి నేను స్కూలు బ్యాండు వాళ్ల కోట్లలో మునిగి ఉన్నాను. ఇరవై రెండు కోట్లు, కోటుకి పద్నాలుగు ఇత్తడి గుండీలు. మిషను పక్కన కాలు పెట్టే చోటు లేదు. ఈ మధ్యలో నువ్వు నదిలో పడుకుందాం రమ్మంటున్నావు. నాకు అరవై ఒకటి నిండాయి. ఇంటి కప్పు కింద తప్ప ఒక్క రాత్రి పడుకోలేదు. నీళ్లంటే నాకు ఎంత భయమో నీకు తెలుసు, స్నానాల గదిలో బకెట్ కూడా సగమే నింపుతాను.

కానీ కాదనలేను. నీకు ఆరేళ్లప్పుడు నేను తలుపు ధడాల్న వేశాను, నీ ఎడమ చిటికెన వేలు సందులో పడింది. డాక్టరు దగ్గరికి నడిపించుకెళ్తుంటే రక్తం చూసి జడుసుకుంటావని దారంతా నీ చెయ్యి నా కోటు జేబులో పెట్టుకున్నాను. ఆ తర్వాత ఆ వంకర వేలు చూపించి నా చేత ఎన్ని చాకిరీలు చేయించుకున్నావో లెక్కలేదు. నీ స్కూలు పెట్టె కూడా నేనే మోశాను. ఈసారి నువ్వు వేలు చూపించలేదు, అయినా నాకు కనిపించింది. వస్తాను.

నా సామాను చెబుతాను విను. దిండు, వేడినీళ్ల రబ్బరు సంచి, మడత స్టూలు, గొడుగు, బావ పెద్ద టార్చి, కాఫీ ఫ్లాస్కు, ఇంకో ఫ్లాస్కు, రెండు దుప్పట్లు, ఊరికే ఉంటుందని కత్తెర, సూది దారం. బావ త్రాసు మీద పెట్టి పంతొమ్మిది కిలోలన్నారు.

ముడులు వద్దన్న మాట చదివి నవ్వొచ్చింది. కళ్లు మూసుకుని పదకొండు రకాల ముడులు వేసేవాడివి. వయసు మీదపడ్డాక ఎంతటివాడికైనా చలి తెలుస్తుందన్నమాట.

అక్క


నవంబరు 12

అక్కకి నమస్కారం.

వస్తానన్నావు, అది చాలు. ఇప్పుడు నీ సామాను కత్తిరిస్తున్నాను, బాధపడకు. దిండు వద్దు. ఉన్ని బట్టలు మడిచి సంచిలో కూరితే అదే దిండు. స్టూలు, గొడుగు వద్దు. పడవలో గొడుగు వేస్తే గాలి ఎటు తీసుకెళ్తుందో నాకే తెలియదు. ఫ్లాస్కు ఒకటి చాలు. దుప్పట్ల బదులు నా దగ్గర స్లీపింగ్ బ్యాగులు రెండున్నాయి. రబ్బరు సంచి ఉండనీ, రాత్రి దానికి మొక్కుతావు. కత్తెర కూడా ఉండనీ. లైఫ్ జాకెట్లు నావి.

ఇంకో పని. రోజూ పొద్దున ఐదేసి లీటర్ల నీళ్ల క్యాన్లు రెండు పట్టుకుని మీ మెట్లు నాలుగుసార్లు ఎక్కి దిగు. తర్వాత చిన్న పీట మీద కూర్చుని చీపురుకర్ర రెండు చేతులా పట్టుకుని, కుడివైపు ఇరవై సార్లు, ఎడమవైపు ఇరవై సార్లు నేలని వెనక్కి తొయ్యి. వారానికి పదేసి పెంచు. చలికి ఒళ్లు బిగుసుకోకుండా ఉంటుంది.

కళ్లజోడు ఇంకా రాలేదు. (నిజమే, రాలేదు.)

తమ్ముడు


నవంబరు 17

తమ్ముడికి.

దీవెనలు ఈసారికి లేవు. తర్వాత చూద్దాం.

మెట్లు ఎక్కమన్నావు, సరే. చీపురుకర్రతో నేల తోయమన్నావు. మొదటిరోజే నేను పీట మీద కూర్చుని తోస్తుంటే బావ చూసి, పడవ బయల్దేరిందా, టికెట్టు ఎక్కడ కొనాలి అన్నారు. ఆయన నవ్వు వీధి చివరిదాకా వినిపించింది. బ్యాండు మాస్టారు కోట్ల కోసం వచ్చి గుమ్మంలో నిలబడిపోయాడు.

నేను లావయ్యానని నాకు తెలుసు. నా నడుం కొలత నా టేపుకి తెలిసినంత నీకు తెలియదు. పడవ ఒకవైపు ఒరుగుతుందని భయంగా ఉంటే అదే మాట రాయాల్సింది. ఒళ్లు తగ్గమని చెప్పడానికి చలి మీద పెట్టి చెప్పడమెందుకు? పైగా మూతలు తిప్పలేను, లేసులు కట్టుకోలేను అనుకుంటున్నావు. రోజుకి మూడొందల కాజాలు కుట్టే చేతులివి. నేనేమన్నా మూలపడ్డ ముసలిదాన్నా? నీకు తోడు కావాలా, బొమ్మ కావాలా?

ఆ కళ్లజోడు చేసేవాడు ఇసుక కరిగించి అద్దం పోస్తున్నాడా ఏం? రెండు వారాలైంది.

నీ జిప్పులకి రింగులు కుట్టేశాను. నా సంగతి ఆలోచించి చెబుతాను. రాకపోవచ్చు.

అక్క


నవంబరు 21

అక్కకి.

నువ్వు లావని నేను అనలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నావు. రానంటే మానెయ్యి. బలవంతం లేదు.

తమ్ముడు

(వదినా, ఇంతే చెప్పి లేచి వెళ్లిపోయారు. ఇప్పుడు రాసేది నా సొంతం. రోజూ భోజనం కాగానే షెడ్డు దాకా వెళ్లి, పడవ మీది గుడ్డ తీసి, మళ్లీ కప్పి వస్తున్నారు. మిమ్మల్ని వేళాకోళం చేయాలని కాదు, ఒట్టు. దయచేసి మానొద్దు. ఇంతకన్నా నేను రాయకూడదు.)


నవంబరు 25

తమ్ముడికి అక్క దీవెనలు. పోయినసారి ఆపినవి కూడా కలుపుకో.

మరదలి నాలుగు ముక్కలు చదివాక కోపం నిలవలేదు. నిజం చెప్పనా, రానని రాసిన రోజు కూడా క్యాన్లు మోశాను. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు, మన ఇంట్లో ఇద్దరు పుట్టాం. ఇప్పుడు ఆరుసార్లు ఎక్కుతున్నాను. చీపురు అటు నలభై, ఇటు నలభై. మొదటి వారం భుజాలు విరిచికట్టినట్టుండేవి, ఇప్పుడు లేదు. బావ నవ్వడం కూడా మానేశారు.

బ్యాండు కోట్లు అయిపోయాయి. మిగిలిన ముక్కల్లో మంచి దళసరి ఉన్ని ఉంది. నీకు గ్లౌజులు కుడతాను. షాపులో దొరికేవి ఎవరి చేతికీ సరిపోవు, అందరి చేతులకీ సరిపోవాలని చేస్తారు కనక. ఆది పంపు. కాగితం మీద చెయ్యి బోర్లా ఆనించి, వేళ్లు కాస్త ఎడంగా పెట్టి, చుట్టూ పెన్సిలుతో గీస్తే చాలు. రెండు చేతులవీ పంపు. ఒకటి గీసి రెండోది తిరగేసి కత్తిరించుకో అనేవాళ్లు ఉంటారు, మనిషికి రెండు చేతులూ ఒకేలా ఉండవు. పని చేసే చెయ్యి పావంగుళం ఎక్కువ వెడల్పుంటుంది. నీకు కుడిది.

అక్క


నవంబరు 29

అక్కకి నమస్కారం.

నీ ఉత్తరం చదివించుకుని మధ్యాహ్నం హాయిగా నిద్రపోయాను. తేదీ పద్నాలుగు పెట్టుకుందాం. మీ మరదలు వ్యానులో పడవతో సహా పై కొలతరాయి దగ్గర దింపుతుంది. మర్నాడు కింద ఎక్కించుకుంటుంది. పొద్దున నీళ్ల మీద పొగలా మంచు ఉంటుంది, పదింటికి విడుతుంది. అప్పుడు బయల్దేరితే చాలు. ఇసుకదిబ్బ మూడు మలుపుల అవతల.

తిండి వండక్కర్లేదు. ఉడికించిన గుడ్లు, రొట్టె, ఎండు పళ్లు, చిక్కటి చారు ఒక ఫ్లాస్కుడు చాలు.

ఆదులు పెట్టాను. కుడిదీ ఎడమదీ, మీద రాసి ఉంది.

తమ్ముడు


డిసెంబరు 4

ఒరేయ్ తమ్ముడూ.

రెండు కాగితాలూ ఒకదాని మీద ఒకటి తిరగేసి పెట్టి కిటికీ అద్దానికి ఆనించాను. వెంట్రుకవాసి తేడా లేదు. ముప్ఫై ఎనిమిదేళ్లుగా గుడ్డ కత్తిరిస్తున్నాను, రెండు చేతులు అచ్చుగుద్దినట్టున్న మనిషి ఇంతవరకు నా షాపు మెట్లెక్కలేదు. సరే, బద్ధకించి ఒకటే గీయించి, రెండోది దాని మీద పెట్టి ఎక్కించావులే అనుకునేదాన్ని. కానీ అక్కడే పప్పులో కాలేశావు. కుడి చెయ్యి అని రాసిన కాగితంలో కూడా చిటికెన వేలు వంకరగా ఉంది.

నేను నలిపింది ఒక్క వేలేరా.

కత్తెర పక్కన పెట్టి కూర్చున్నాను. నీ ఉత్తరాలన్నీ బల్ల మీద పరిచాను. మూతలు తిప్పొద్దు, ముడులు వద్దు, లేసులు వద్దు, జిప్పులకి రింగులు కావాలి. ఇవి నాకు అనుకుని నేను ఉడుక్కున్నాను. కళ్లజోడు నెల దాటినా రాలేదు. చీపురు అటు ఇరవై ఇటు ఇరవై. అది నేల తోయడం కాదు, తెడ్డు వేయడం. నాకు తెడ్డు ముట్టుకునే పని లేదన్నావు, మూడు వారాలుగా నా చేత అదే వేయిస్తున్నావు. విడి ముక్కలుగా చూస్తే తెలియలేదు, పక్కపక్కన పెడితే కోటు ఎవరిదో తెలిసిపోయింది.

కుడి చేతికి ఏమైంది? చుట్టూ తిప్పకుండా రాయి. కోపంగా ఉన్నాను, భయంగా కూడా ఉంది. నువ్వు చెప్పేదాకా ఫోన్ చెయ్యను, బండెక్కి రాను. నీ నోటితోనే చెప్పాలి.

అక్క


డిసెంబరు 7

అక్కకి.

కళ్లజోడు పగల్లేదు. నా ముక్కు మీదే ఉంది.

సెప్టెంబరు పదకొండున పొద్దున నేను లేచాను, కుడి పక్క లేవలేదు. మెదడులో చిన్న గడ్డ కట్టి రక్తం ఆగిందన్నారు. కాలు మూడు వారాల్లో తిరిగొచ్చింది. చెయ్యి సగమే వచ్చింది. పిడికిలి ముడుచుకునే ఉంటుంది. కాగితం మీద బోర్లా ఆనదు, పెన్సిలు పట్టదు. మీ మరదలు ఎడమది గీసింది. కుడిది ఉన్నది ఉన్నట్టు గీస్తే నీకు తెలిసిపోతుందని, గీసినదాన్నే తిరగేసి ఎక్కించమన్నాను. వేలి సంగతి మర్చిపోయాను. యాభై రెండేళ్లుగా చూస్తున్నాను, నాకు అది వంకరగా కనిపించడం ఎప్పుడో మానేసింది.

డాక్టరు పడవలో కూర్చోవచ్చన్నాడు. తెడ్డు వేసే మనిషి ఉండాలి, నేను తడవకూడదు, అంతే. నీకు ముందే చెబితే ఏం చేస్తావో తెలుసు. బండి దిగి, చారు గిన్నె పట్టుకుని మంచం పక్కన కూర్చుంటావు. మంచం పక్కన నాకు మనుషులు చాలామంది ఉన్నారక్కా. పడవలో వెనక కూర్చునే మనిషే లేదు. నన్ను చూసి జాలిపడకుండా తిట్టేదానివి నువ్వొక్కదానివే. అందుకని నిన్ను పిలిచాను.

నీకు నీళ్లంటే భయమని తెలిసి కూడా అబద్ధం చెప్పాను. అది తప్పు. ఇప్పుడు నిజం తెలిసింది కాబట్టి రానక్కర్లేదు, నాకు కోపం రాదు. పద్నాలుగున వ్యాను వద్దని మీ మరదలికి చెప్పేశాను.

తమ్ముడు

(వదినా, ఎవరికీ చెప్పనని ఆయనకి మాటిచ్చాను, నిలబెట్టుకున్నాను. కుడి చేతికి వంకర వేలు గీస్తున్నానని గీసేటప్పుడే నాకు తెలుసు. దాన్ని సరిచేసి గీస్తానని నేనేమీ మాటివ్వలేదు.)


డిసెంబరు 11

తమ్ముడికి అక్క దీవెనలు.

ముందు మరదలికి. ఈ ఇంటికి నువ్వొచ్చి ముప్ఫై ఏళ్లయింది, నీకింత తెలివుందని ఈ నెలలోనే తెలిసింది. పద్నాలుగున వ్యాను సిద్ధంగా ఉంచు.

ఇప్పుడు నీకు. నీ ఉత్తరం చదివి ఏడ్చాను. బావ టీ పెట్టి ఇచ్చారు, తాగాక మళ్లీ ఏడ్చాను. తర్వాత ఇద్దరం పార్కు చెరువుకి వెళ్లి పడవ తీసుకున్నాం. గంటసేపు గానుగెద్దులా ఒకేచోట తిరిగాం. నేను కళ్లు మూసుకుని వేస్తున్నానని బావ చెప్పేదాకా నాకు తెలియదు. కళ్లు తెరిచాక తిన్నగా వెళ్లింది. నిన్న మళ్లీ వెళ్లాం, బాతులు పక్కకి తప్పుకున్నాయి. భయం పోలేదు. చేతులకి పని ఉంటే అది కాస్త వెనక కూర్చుంటోంది, అంతే. నిండా మునిగినవాడికి చలేంటి, పద.

ఇక సర్దుకునే విషయం నేను చెబుతాను, నువ్వు వింటావు. కళ్లజోడు తెచ్చుకో, పగలకుండా. నీ మందులు పెట్టుకోవడానికి మూత లేని చిన్న గుడ్డ సంచులు, పూటకొకటి చొప్పున కుట్టాను, లాగితే తెరుచుకుంటాయి. గ్లౌజులు ఈ పార్సెల్లోనే ఉన్నాయి. ఎడమది అయిదు వేళ్లది, నీ ఆది ప్రకారం, వంకరతో సహా. కుడిది వేళ్లు లేకుండా పిడికిలి పట్టేటట్టు సంచిలా కుట్టాను. మణికట్టు దగ్గర పట్టీ ఉంది, పళ్లతో లాగితే బిగుస్తుంది, ఎవరి సాయమూ అక్కర్లేదు. పడవలో నువ్వు ముందు కూర్చుని దారి చెప్పు. వెనక నుంచి తిట్టడం నా పని.

కోటుతో కలిపి నా సామాను పది కిలోల మూడు వందల నలభై గ్రాములు తూగింది. పై మూడు వందల నలభై దేనికని అడగకు. తీసెయ్యను.

అక్క


డిసెంబరు 20

అక్కకి నమస్కారం.

ఇది నా ఎడమ చేతి రాత. కోడి కెలికినట్టుందని నాకూ తెలుసు. రెండు రోజులు పట్టింది. మీ మరదలిని గదిలోకి రానివ్వలేదు.

ముప్ఫై రెండో ప్రయాణం పుస్తకంలో ఎక్కించాను. రెల్లులోకి రెండుసార్లు, ఇసుకలోకి ఒకసారి దూరాం. రెండో మలుపు దగ్గర నువ్వు నదిని తిట్టిన తిట్లు రాయలేదు. పొద్దున టెంటు మీద మంచు పేరుకుంది. సామానులో వాడనిది నీ కత్తెర ఒక్కటే.

రాత్రి మంట దగ్గర కూర్చున్నాం కదా. నువ్వు నా కుడి చెయ్యి తీసి నీ కోటు ఎడమ జేబులో పెట్టుకున్నావు. ఆ జేబు మోచేతిదాకా ఉంది. లోపల రెండు పొరల ఉన్ని ఉంది, అడుగున వేడినీళ్ల రబ్బరు సంచి ఉంది. చారు అయిపోయేదాకా తియ్యనివ్వలేదు. ఆ చేతికి చలీ వేడీ ఇప్పుడు తెలియవని నీకు చెప్పలేదు, అప్పుడు చెప్పాలనిపించలేదు. చేతికి తెలియలేదక్కా. నాకు తెలిసింది.

నా నియమం దిద్దుకున్నాను. వచ్చే ఏడు నీ సామాను పది కిలోల మూడు వందల నలభై గ్రాములు దాటకూడదు.

తమ్ముడు